పొగగది ఇటుకలు

“ఈ పొయ్యి మీదేనా కాల్చింది? నిజం చెప్పు పెద్దమ్మా. ఈ పొయ్యి మీదేనా?”

అడిగిన అమ్మాయి ఒళ్ళో పది నెలల పిల్ల బొటనవేలు చీకుతోంది. ఆ వేలు పొద్దుట్నుంచీ ఈ ఇంట్లో ఏ మూలని తడిమిందో, ఏ మట్టిని నోటిదాకా మోసుకొచ్చిందో ఆ వేలికే తెలియాలి.

పెద్దమ్మ టీ వడగట్టడం ఆపలేదు. “ఈ పొయ్యికేం తెలుసమ్మా ఆ సంగతులు. ఆ పొయ్యి వేరు, ఆ ఇల్లు వేరు. ఇంటితో సహా వాగు మింగేసి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఇది మా మరిది కట్టిన పొయ్యి. చూస్తే తెలియట్లా? వాడి నడకలాగే వంకర.”

అమ్మాయి నవ్వలేదు. పిల్ల నోట్లోంచి వేలు లాగేసి కొంగుతో తుడిచింది. పిల్ల రెండో బొటనవేలు నోట్లో పెట్టుకుంది.

అమ్మాయిది రసాయనశాస్త్రం చదువు. వాగుకి ఇటువైపున్న కొండవాలంతా ఈమధ్యే ఒక కొత్త కంపెనీ చేతికొచ్చింది. నేల కింద ఇంకా బంగారం మిగిలుందేమో చూద్దామని అక్కడక్కడా బోర్లు వేసి మట్టి తీస్తున్నారు. ఆ మట్టిలో ఏముందో చెప్పే చిన్న ల్యాబు ఆమెది. బోర్లు వేయించే పని ఆమె భర్తది. ఇద్దరూ పొద్దున్నే వెళ్తే సాయంత్రానికి గానీ రారు. పిల్లని చూసుకోడానికి ఎవరైనా ఉన్నారా అని వాకబు చేస్తే, క్యాంపు వంటవాడు ఆలోచించకుండా వాగు ఒడ్డున రేకుల ఇల్లు చూపించాడు. “పళ్ళెం పెద్దమ్మ దగ్గర పెట్టండి మేడమ్. మా పిల్లలు నలుగురూ ఆమె చేతుల్లోనే పెరిగారు. ముగ్గురు బాగానే ఉన్నారు. నాలుగోవాడు మా ఆవిడ పోలిక, దానికి పెద్దమ్మనేం అనలేం.”

అలా నాలుగు నెలల కింద పిల్ల ఆ ఇంటికి అలవాటు పడింది. పెద్దమ్మ పిల్లని ‘బుడ్డది’ అంది, తల్లిని ‘ల్యాబమ్మాయి’ అంది. ఆ పేర్లే క్యాంపంతా స్థిరపడ్డాయి.

పాదరసం మాట ఈ సాయంత్రం బయటపడటానికి కారణం ఆఫీసు పని. కంపెనీ తయారుచేస్తున్న రిపోర్టులో ఒక భాగం ఆ స్థలం చరిత్ర. అంతకుముందు అక్కడ ఎవరు తవ్వారు, ఏ పద్ధతిలో తవ్వారు, ఎంతవరకు తవ్వి వదిలేశారు. ఆ రెండు పేజీలూ రాయమని పెద్ద జియాలజిస్టు ల్యాబమ్మాయికి అప్పగించాడు. పాత కాగితాలు తిరగేస్తే యంత్రాల సంగతి దొరికింది, మనుషుల సంగతి దొరకలేదు. అందుకని మూడు రోజులుగా పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడల్లా ఒక అరగంట కూర్చుని పెద్దమ్మ చెప్పేది రాసుకుంటోంది. ఇవాళ పెద్దమ్మ మామూలుగా, నిన్న వాన పడిందన్నంత తేలిగ్గా చెప్పింది. “కంటికి ఆనని సన్న బంగారం పళ్ళెంలో నిలవదు, నీళ్ళతో పోతుంది. దాన్ని పట్టాలంటే పాదరసం పొయ్యాలి. పోసి పిసికితే ముద్దవుతుంది. వంటయ్యాక ఆ నిప్పుల మీదే ముద్ద కాల్చేవాళ్ళం. పాదరసం పొగైపోతే బంగారం పిడచ మిగుల్తుంది.”

ల్యాబమ్మాయి పెన్ను అక్కడే ఆగిపోయింది.

పాదరసం ఆవిరి గోడలకి పడుతుందని, దుమ్ములో కలిసి ఏళ్ళ తరబడి ఉంటుందని, పాకే పిల్లలు అందరికంటే ఎక్కువ దుమ్ము మింగుతారని, మెదడు ఎదిగే వయసులో అది ఏం చేస్తుందో ఎంతో ఆలస్యంగా గానీ బయటపడదని ఆమె చదువుకుంది. చదివిన ప్రతి పేరా నంబరుతో సహా గుర్తొచ్చింది. చదువు కొన్నిసార్లు అదే పని చేస్తుంది. తెలియనివాడికి ఒక్క దెయ్యం కనిపిస్తే, తెలిసినవాడికి దాని కుటుంబమంతా కనిపిస్తుంది.

“మరి ఈ ఇంట్లో ఎప్పుడూ కాల్చలేదా?”

“ఈ ఇంట్లోకి పాదరసం చుక్క రాలేదు. రానివ్వలేదు.” పెద్దమ్మ టీ గ్లాసు ముందు పెట్టింది. “ఎందుకు రానివ్వలేదో చెప్తా, రాసుకో. అది మీ కాగితాల్లో ఉండదు.”

పెద్దమ్మకి డెబ్భై దాటాయి. పుట్టిన ఏడు అడిగితే “అవతలి గట్టు తెగిన ఏడు” అంటుంది. ఆవిడ కాలెండరంతా వాగే. వాళ్ళ తాత తరంలో పది కుటుంబాలు పళ్ళాలు పట్టుకుని వాగు వెంట పైకొచ్చాయి. వంపు తిరిగిన చోటల్లా నీటి వేగం తగ్గుతుంది కాబట్టి బరువైన బంగారం అక్కడే దిగబడుతుందని వాళ్ళకి ఎవరూ పాఠం చెప్పలేదు. తరవాత చెక్క కాలువలొచ్చాయి. ఏటవాలుగా నిలబెట్టి, అడుగున అడ్డపట్టీలు కొట్టి, పైనుంచి మట్టీ నీళ్ళూ వదిలితే పట్టీల వెనక బంగారం ఆగేది. ఆ తరవాత ఒక కంపెనీ వచ్చి, లావుపాటి గొట్టాలతో కొండ మీదికి నీళ్ళు కొట్టి గట్టుకి గట్టునే కడిగేసింది. ఆఖర్న ఇనప పడవ. వాగు అడుగుని బొక్కెనలతో తోడి, లోపలే కడిగి, రాళ్ళని వెనక్కి ఉమ్మేస్తూ పోయేది. “అది పోయిన దారిలో ఇవాళ్టికీ గడ్డి మొలవలేదు. చరిత్ర కావాలంటే ఆ రాళ్ళ గుట్టలు ఎక్కి చూడు, మా మోకాళ్ళు చూడు. రెండూ ఒకటే చెప్తాయి.”

ఏడేళ్ళప్పుడు సొట్టలు పడ్డ అన్నం కంచంతో కడగడం నేర్చుకుంది పెద్దమ్మ. పన్నెండేళ్ళకి మగవాళ్ళ పక్కన నడుం లోతు నీళ్ళలో నిలబడింది. పళ్ళెం తిప్పుతుంటే తేలిక మట్టి అంచు మీంచి జారిపోయి అడుగున గుప్పెడు నల్ల ఇసుక మిగిలేది. అంచు మీద వేలితో ఒక్క దెబ్బ కొడితే ఇసుక పక్కకి జరిగి, వెనకాల పసుపు గీత కనపడేది. ఆ దెబ్బ కొట్టడం అందరికీ రాదు. అది వచ్చిన ఒక కుర్రాడికి ఆవిడనిచ్చి పెళ్ళి చేశారు.

“మీ పెదనాన్నది రాయిలా కదలని చెయ్యి,” అంది పెద్దమ్మ. ల్యాబమ్మాయి చూడని మనిషిని ఆమెకి పెదనాన్నని చేసేసింది. “నిండా నీళ్ళున్న గ్లాసు అరచేతిలో పెట్టుకుని వాగు దాటేవాడు. చుక్క ఒలికేది కాదు. ఆ చెయ్యి చూసే పాత కంపెనీ దొరలాంటి మేనేజరు ఆయన్ని పొగగదిలో వేశాడు. ఇనప పడవ తెచ్చిన ముద్దలన్నీ కాల్చే ఇటుకల గది. నీడపట్టున పని, నీళ్ళలో నానక్కర్లేదు. మేం పండగ చేసుకున్నాం.”

మూడో ఏడు దాటాక గ్లాసు ఒలకడం మొదలైంది. ముందు చొక్కా గుండీలు పట్టుబడలేదు. తరవాత నలుగురిలో మాట్లాడాలంటే సిగ్గుపడి గోడ వైపు తిరిగేవాడు. చిన్నమాటకి కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. తాగుడన్నారు అందరూ. జన్మలో చుక్క ముట్టని మనిషి.

“నేనేం చదివాను? లెక్క మాత్రం పెట్టాను. పొగగదిలో నలుగురు. నలుగురికీ చేతులు వణుకు. బయట కడిగేవాళ్ళు పదకొండు మంది. అందులో ఇద్దరు పచ్చి తాగుబోతులు. ఒక్కడికీ వణుకు లేదు. మరి తాగుడెలా అవుతుంది? మేనేజరుకి చెప్తే, టీ తగ్గించమనమ్మా అన్నాడు.”

ల్యాబమ్మాయి తలెత్తి చూసింది. కాలేజీలో ఒక సెమిస్టరంతా నేర్పిన పద్ధతిని ఈ మనిషి వాగు ఒడ్డున వేళ్ళ మీద తేల్చేసింది.

“లాక్కొచ్చేశాను ఆయన్ని. పనొద్దు ఏం వద్దు అన్నాను. మా అత్తగారు నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. అదొక లాభం. ఆ రోజు నుంచి నేనూ పాదరసం మానేశాను. సన్న బంగారం పోతే పోయింది. అందరూ నవ్వారు, నవ్వనీ.”

ఆయన వణుకు కొంత తగ్గింది గానీ పళ్ళెం మళ్ళీ పట్టలేదు. పార పట్టి మట్టి తవ్విపెట్టేవాడు, ఆవిడ కడిగేది. పద్దెనిమిదేళ్ళు అలా నడిచి, ఒక చలికాలం జ్వరంతో పోయాడు.

ఇంత విన్నాక కూడా ఆ రాత్రి ల్యాబమ్మాయికి నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున పిల్లని దించుతూనే పొయ్యి పక్క మట్టి చిన్న సంచిలోకి తీసుకుంది. ల్యాబులో మట్టిని వేడిచేసి పాదరసం ఎంతుందో చూపించే యంత్రం ఉంది. మధ్యాహ్నానికి అంకె వచ్చింది. ఏమీ లేదు. కొండ మీద మనిషి అడుగు పెట్టని చోటి మట్టి ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది. సాయంత్రం దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చి ఆ మాట చెప్పింది.

పెద్దమ్మ సంతోషించలేదు. మూతి ముడిచింది.

“ఎన్ని చోట్ల తీశావు?”

“పొయ్యి దగ్గర.”

“ఒక్కటేనా?” ఎగాదిగా చూసింది. “ఒక్క పళ్ళెం కడిగి వాగుని వదిలేసినవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు. ఒక్క పళ్ళెం కడిగి వాగు దొరికిందన్నవాణ్ణి చూశాను, వాడు అప్పులపాలయ్యాడు. చదువుకున్నదానివి, సంచులు తే.”

మర్నాడు సెలవు. పెద్దమ్మ ముందు, ల్యాబమ్మాయి వెనక. చంకలో బుడ్డది. ఆవిడ ఇంటిని వాగులాగే చూసింది. బరువైంది ఎక్కడ దిగబడుతుంది, అదొక్కటే ప్రశ్న. గడప సందులో తియ్యమంది. చూరు నీళ్ళు పడి గుంటైన చోట తియ్యమంది. చీపురు ఊడ్చి ఆగే మూల, పిల్ల నిద్రపోయే చాప కింద, పెరటి వసారాలో పిల్ల కూర్చుని ఆడుకునే అరుగు, గిన్నెలు తోమే బండ. “చెప్పుల కింద మట్టి?” అని తనే గుర్తుచేసి, తన చెప్పు తిరగేసి గీకి ఇచ్చింది. మొత్తం పదహారు సంచులయ్యాయి.

పదిహేను సంచులు శుభ్రం. పదహారోది పెరటి అరుగు మీది దుమ్ము.

యంత్రం చెడిపోయిందనుకుంది ల్యాబమ్మాయి. తుడిచి మళ్ళీ పెట్టింది. తెలిసిన మట్టి పెట్టి చూసింది, సరిగ్గానే చెప్పింది. మళ్ళీ అరుగు దుమ్ము పెట్టింది. అదే అంకె. కొండ మట్టికంటే వందరెట్లు దాటి ఉంది. కుర్చీలో కూర్చుని, ఆ అరుగు మీద పిల్ల నాలుగు నెలలుగా ఎన్ని గంటలు గడిపిందో లెక్కవేయబోయి, చేతకాక, ల్యాబు తాళం వేయడం కూడా మరిచిపోయి లేచింది.

పెద్దమ్మ అరుగు మీదే ఉంది. బుడ్డది ఆవిడ పక్కన ఒక చెంచాతో ఇటుకని కొడుతోంది. ల్యాబమ్మాయి వచ్చి పిల్లని ఎత్తుకోవడం చూసి పెద్దమ్మ చేతిలో పని వదిలేసింది. కొన్ని పనులు చూస్తే అర్థమవుతాయి.

“ఈ అరుగు ఎప్పుడు కట్టావు పెద్దమ్మా? ఈ ఇటుకలెక్కడివి?”

పెద్దమ్మ ఇటుకల వైపు చూసింది.

“పొగగదివి,” అంది.

పాత కంపెనీ మూతబడ్డాక పొగగదిని పడగొట్టి ఇటుకలు అమ్మేశారు. కడిగేవాళ్ళందరికీ తెలుసు, అన్నేళ్ళు ముద్దలు కాల్చిన గది ఇటుకల సందుల్లో బంగారం ఉంటుందని. పొగతో పాటు లేచి, గోడకి తగిలి ఆగిన బంగారం. బండెడు ఇటుకలు తెచ్చుకుంది పెద్దమ్మ. ఒక్కొక్క ఇటుక ముఖం గీకింది, సున్నం రాల్చి దంచింది, ఆ పొడినంతా వాగులో కడిగింది. తర్వాత ఇటుకలని మూడు దఫాలు నీళ్ళలో తోమింది. కాస్త బంగారం వచ్చింది కూడా. మిగిలిన ఇటుకలు పారేయడానికి మనసొప్పక వసారాలో అరుగు వేసింది.

“కడిగాను కదా,” అంది. “మూడుసార్లు కడిగాను. కడిగినదాంట్లో ఇంకేం ఉంటుంది?”

జీవితమంతా కడిగిన మనిషికి అది ప్రశ్న కాదు, నమ్మకం. మూడు కడుగుళ్ళ తర్వాత పళ్ళెంలో ఏమీ మిగలదు, ఆవిడ చేతులకి తెలిసింది అదే. ఇటుక పళ్ళెంలాంటిది కాదని, ఆవిరి ఇటుక గుండెల్లోకి దిగుతుందని, ఎండ తగిలినప్పుడల్లా కొంచెం కొంచెం బయటికొస్తుందని, అరిగిన దుమ్ములో కూడా అదే ఉంటుందని ల్యాబమ్మాయి చెప్పాలనుకుంది. చెప్పకుండానే పిల్లని భుజాన వేసుకుని గబగబా డాక్టరు దగ్గరికి నడిచింది.

డాక్టరు నెమ్మదైన మనిషి. రక్తం తీయించాడు, మూత్రం తీయించాడు. నాలుగు రోజులకి కాగితం వచ్చింది. మామూలుకంటే ఎక్కువ, మందు మొదలుపెట్టాల్సినంత కాదు. “కారణం తీసేశారు కదా. ఒంట్లోంచి అదే పోతుంది. రెండు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం.”

“అంతవరకూ?”

“అంతవరకూ పాలు పట్టండి, ఆడించండి.”

ఆ జవాబు ఆమెకి జవాబులా అనిపించలేదు.

కంపెనీ మనుషులు మాస్కులు, గ్లౌజులు వేసుకుని అరుగు విప్పి, ఇటుకలని డ్రమ్ముల్లో వేసి మూతలు బిగించి తీసుకెళ్ళారు. కింద జానెడు మట్టి కూడా తవ్వేశారు. పెద్దమ్మ దూరంగా నిలబడి చూసింది. డ్రమ్ములు ఎక్కించేటప్పుడు ల్యాబమ్మాయి దగ్గరికొచ్చింది.

“మీ పుస్తకంలో రాయి. పొగగది ఎక్కడుండేదో చూపిస్తాను, గుర్తు పెట్టు. ఇటుకలు ఇంకా ఎవరెవరు పట్టుకెళ్ళారో చెప్తాను. నేను పట్టుకెళ్ళానని మొదట రాయి.”

ఆ మధ్యాహ్నం ఇద్దరూ వాగు వెంట నడిచారు. పెద్దమ్మ వేలు చూపించిన చోటల్లా ల్యాబమ్మాయి మ్యాపు మీద చుక్క పెట్టింది. పొగగది చోటు కాక ఐదిళ్ళు. ఒక ఇంట్లో బావి గట్టుకి వాడారు, ఒక ఇంట్లో కోళ్ళ గూటికి. పెద్దమ్మే తలుపు కొట్టి చెప్పింది, “నాలాగే మీరూ తెచ్చుకున్నారు, తీయించేయండి,” అని. కోళ్ళ గూడు వాళ్ళాయన గొణిగాడు. “ఇన్నేళ్ళూ లేని విషం ఇవాళ ఎక్కణ్ణించి వచ్చింది పెద్దమ్మా?” “ఇన్నేళ్ళూ ఉంది. నీ కోడి చెప్పలేదు, నేను చెప్తున్నా.”

చరిత్ర రెండు పేజీలు దాటి నాలుగైంది. పెద్ద జియాలజిస్టు చదివి, యంత్రాల సంగతి కుదించి, ఆ చుక్కల మ్యాపుని ఉంచమన్నాడు.

పిల్లని ఇప్పుడు క్యాంపు వంటవాడి భార్య చూస్తోంది. ఇక ఆ రెండు నెలలూ ల్యాబమ్మాయి ఎలా గడిపిందంటే, భయాన్ని చంకనేసుకుని తిరిగింది. బుడ్డది కూర్చుంటే వీపు వణికిందా అని చూసేది. గిలక్కాయ జారవిడిస్తే చేతిలో పట్టు తప్పిందా అని మళ్ళీ ఇచ్చేది, మళ్ళీ జారవిడిస్తే మళ్ళీ ఇచ్చేది. పిల్ల అదొక ఆట అనుకుని పడీపడీ నవ్వేది. పాలసీసా, దుప్పటి, బకెట్టు, కిటికీ రెక్క, అన్నిటి మీదా దుమ్ము తుడిచి ల్యాబుకి పట్టుకెళ్ళేది. ఒకరోజు భర్త దిండు గలీబు కనపడక వెతికితే యంత్రం పక్కన దొరికింది.

“నాలో ఏమైనా దొరికిందా?” అన్నాడు భర్త.

“ఏం దొరకలేదు.”

“పెళ్ళప్పుడు మీ నాన్న కూడా అదే అన్నాడు.”

నవ్వింది గానీ ఆ నవ్వు నోటి దగ్గరే ఆగిపోయింది.

పెద్దమ్మ ఇంటికి వెళ్ళలేదు. కోపమా అంటే కోపం కాదు. వెళ్తే ఆ అరుగు చోటు కనిపిస్తుంది. ఒకసారి మాత్రం వెళ్ళింది, పెద్దమ్మకి కూడా పరీక్ష చేయించడానికి. ఆవిడ అంకె పిల్ల అంకెకంటే ఎక్కువొచ్చింది. డాక్టరు చేతులు చాపమంటే చాపింది. పది వేళ్ళూ గాలిలో నిలబడ్డాయి, కదల్లేదు. పెద్దమ్మ వాటినే చూస్తూ, “ఆ పాదరసం ఆయన చేతులు తీసుకుని నా చేతులు వదిలేసింది,” అంది.

రెండు నెలలకి రెండో కాగితం వచ్చింది. పిల్ల అంకె సగానికి పైగా పడిపోయింది. డాక్టరు ఈసారి నవ్వాడు కూడా. ఇంకో రెండు నెలలకి వెతికినా కనపడకపోవచ్చన్నాడు. పిల్ల ఆయన బల్ల పట్టుకుని లేచి నిలబడి, పరీక్షల కాగితాన్నే నోట్లో పెట్టుకోబోయింది.

ఆ సాయంత్రం పిల్లని తీసుకుని వాగు ఒడ్డుకి వెళ్ళింది ల్యాబమ్మాయి. అరుగు ఉన్నచోట కొత్త మట్టి పోసి ఉంది. పెద్దమ్మ పిల్లని చూసి లేచింది గానీ చేతులు చాపలేదు. కాగితంలో ఏముందో చెప్పాక కూడా చాపలేదు. బుడ్డదే తల్లి ఒళ్ళోంచి సగం కిందికి వేలాడి ఆవిడ చీర పట్టుకుంది. అప్పుడు ఎత్తుకుంది. మెడ దగ్గర ముఖం పెట్టి, “బరువెక్కిందే,” అంది.

“కాగితం మంచిగా వచ్చింది పెద్దమ్మా,” అంది ల్యాబమ్మాయి. “నా భయం మాత్రం అలాగే ఉంది. అన్నీ పరీక్ష చేశాను. అరుగు పోయింది. అయినా పొద్దున లేవగానే ఏదో అవుతుందని ఉంటుంది. ఏమిటో తెలియదు. ఆ అరుగు సంగతి ముందే కనిపెట్టలేకపోయాను కదా, అలాంటిది ఇంకోటి ఎక్కడో ఉండే ఉంటుంది అనిపిస్తుంది. భయపడకపోతే తప్పు చేస్తున్నట్టుంటుంది.”

పెద్దమ్మ చాప వేసి కూర్చుంది. పిల్ల ఒళ్ళో నిలబడి ఆవిడ చెవి లాగుతోంది.

“భయపడొద్దని నేను చెప్పను. నేనేం మొహం పెట్టుకుని చెప్తాను? నేను భయపడాల్సిన చోట భయపడలేదు. ఒకటి చెప్తా విను. మా రోజుల్లో వారానికో మనిషి వచ్చేవాడు, పెద్దమ్మా పైన కొండలో బంగారం ఉందట, పద అని. ఎక్కడ అని అడిగేదాన్ని. ‘ఆ కొండలోనే ఎక్కడో’ అంటే, టీ ఇచ్చి పంపేసేదాన్ని. ‘రెండో వంపులో, పెద్ద రాయి కింద’ అన్నాడా, వాడు తాగుబోతైనా సరే పార భుజాన వేసుకుని వెంట వెళ్ళేదాన్ని. చాలాసార్లు ఉత్తిదే. అయినా వెళ్ళేదాన్ని, చోటు చెప్పాడు కాబట్టి.”

చెవిలోంచి పిల్ల వేలు విడిపించుకుంది.

“భయం వచ్చినా అలాగే అడుగు. ఎక్కడ అని. చోటు చూపిస్తే ఆ క్షణమే లేచి వెళ్ళి తవ్వు, బద్ధకించకు. నేను మూడు కడుగుళ్ళతో సరిపెట్టుకున్నాను. చూపించలేకపోయిందా, టీ తాగి పొమ్మను.”

“పోకపోతే?”

“రెండో టీ ఇవ్వకు.”

బుడ్డది మళ్ళీ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళడానికి ముందు ఇల్లంతా ఇంకోసారి సంచుల్లోకి తీయాల్సిందేనని పట్టుబట్టింది పెద్దమ్మే. ముప్ఫై ఒక్క సంచులు. అన్నీ శుభ్రం వచ్చాకే తలుపు తీసింది.

ల్యాబమ్మాయి ఇప్పుడు ఆ మాటే పాటిస్తోంది. పొద్దున లేవగానే భయం వస్తుంది, రావడం మానలేదు. ఎక్కడ అని అడుగుతుంది. ఒకరోజు అది మెట్ల దగ్గర వదులుగా ఉన్న మేకుని చూపించింది. లేచి, ఆఫీసుకి ఆలస్యమైనా సరే, సుత్తి తెచ్చి కొట్టి వెళ్ళింది. నిన్న అడిగితే ఏ చోటూ చెప్పలేదు. పిల్ల పెద్దయ్యాక, ఎప్పుడో, ఏదో అని నసిగింది. ల్యాబమ్మాయి పాలు కాచి, పిల్లకి జోళ్ళు తొడిగి, వాగు వైపు నడిచింది.